చివరి చిన్న మాటను పట్టుకుంటే చాలు

ఇంగ్లీషులో క్రియకు అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి ఏర్పడే ఫ్రేజల్ వెర్బ్స్‌ని పట్టిక వేసి బట్టీ పట్టడం నాకు నచ్చదు. 'గెట్'తో వచ్చేవన్నీ ఒకేచోట రాస్తే గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ అవే అన్నీ కలగాపులగమైపోతాయి. అందుకే నేను చివర వచ్చే చిన్న మాటను పట్టుకుంటాను.

'అప్' చూడండి. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్... మూడింటిలోనూ మొత్తం అయిపోవాలన్న భావం ఉంది. మనం తినెయ్, తాగెయ్, వాడెయ్ అంటామే, ఆ 'ఎయ్' చేసే పనే అక్కడ 'అప్' చేస్తోంది. ఇది తట్టిన రోజు నాకెంత సంతోషమేసిందో! లుక్ అప్, షో అప్ లాంటివి ఈ లెక్కకు లొంగవు. వాటిని వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవాల్సిందే.

మాట్లాడేటప్పుడు చాలామంది తడబడేది 'ఇట్' దగ్గర. టర్న్ ఆఫ్ ద లైట్, టర్న్ ద లైట్ ఆఫ్, రెండూ సరైనవే. 'ఇట్' వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి: టర్న్ ఇట్ ఆఫ్. అదే లుక్ ఆఫ్టర్ అయితే విడదీయకూడదు, లుక్ ఆఫ్టర్ ఇట్ అనే అనాలి. అందుకే కొత్తది ఏది దొరికినా 'ఇట్' ఉన్న వాక్యమే రాసుకుంటాను. విడిపోతుందో లేదో అందులోనే తెలిసిపోతుంది.

స్లాంగ్, అంటే సరదా కబుర్లలో దొర్లే మాటల విషయంలో నాకు తొందర లేదు. ముందు విని అర్థం చేసుకుంటే చాలు, వాడటం తర్వాత. కొన్ని మాటలు ఏడాది తిరిగేసరికి పాతబడతాయి, 'కూల్' మాత్రం దశాబ్దాలుగా నిలిచే ఉంది. 'గోయింగ్ టు'ని కుదించి పలికే 'గొన్నా' అయితే ఈరోజే మొదలుపెట్టొచ్చు. కానీ దాని తర్వాత క్రియ ఉండాలి: ఐయామ్ గొన్నా కాల్ యూ. ఊరి పేరు ముందు గొన్నా రాదు, అక్కడ గోయింగ్ టు అనే అనాలి.