ఒంగోలు గిత్తల ఊళ్లో దూడ రేటు ఎలా పుడుతుందంటే

ఒంగోలు బస్టాండ్ నుంచి చదలవాడ అవతల పల్లెకి రానూపోనూ ఆటోవాడు ఆరొందలు అడిగాడు, ఎంత గీచినా ఐదొందలకి దిగలా. అసలే విజయవాడ నుంచి సగం దూరం నిలబడి వచ్చా, ఒళ్లు మండిపోయింది. ఒంగోలు ఆవుల్ని పెంచే ఓ పెద్దాయన్ని చూడ్డానికే ఆ ప్రయాణం, ఆయన కొట్టంలోకి అడుగుపెట్టాక మాత్రం ఆ డబ్బుల సంగతే గుర్తురాలేదు.

పాలు మరిచిన కోడెదూడకి లక్షకి పైనే బేరం నడుస్తోంది అక్కడ. మా ఇల్లందు వైపు ఆ వయసు దూడని సంతకి తోలితే పదిహేను వేలొస్తే గొప్ప. తేడా ఎక్కడని అడిగితే దూడని వదిలేసి దాని తల్లిని, అమ్మమ్మని చూపించాడు, ఒకే వరసలో కట్టేసున్నాయి. "బండలాగుడు కోసం కొనేవాళ్లు కాళ్లు, గిట్టలు, నడుం చూస్తారబ్బాయ్, అవి తల్లి నుంచే రావాల" అన్నాడు.

ఆయన పద్ధతి ఒకటే. మంచి పెయ్యని ఎంతిచ్చినా అమ్మడు. కాళ్లు సరిగా లేనివీ ఆలస్యంగా చూలు కట్టేవీ పైకి ఎంత అందంగా ఉన్నా ముందు అవే పోతాయి. మావైపు సరిగ్గా తిరగేసి చేస్తారు, పెళ్లికో ఆస్పత్రికో డబ్బు కావాలంటే బాగున్న పెయ్యే ముందు పోద్ది, మిగిలిన నాసిరకం దానికి ఊళ్లో తిరిగే ఆబోతే దిక్కు, రేపు దాని కూతురికీ అదే ఆబోతు, ఇక దూడలు చిక్కిపోక ఏమవుతాయి.

ఏ ఆవుకి ఏ ఆబోతు స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) ఎప్పుడు వేయించాడో అంతా నోట్‌బుక్‌లో ఉంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం ఆ స్ట్రాతో చూలు సూది, 21 రోజులకి మళ్లీ ఎదకొచ్చిందేమో చూడటం. చూలు చివరి రెండు నెలలు దాణా పెంచుతాడు, కడుపులో దూడ ఎక్కువ పెరిగేది అప్పుడేనట. ఈనిన గంటలోపు ముర్రుపాలు పట్టాల్సిందే.

ఇక్కడి పశువులే బ్రెజిల్ వెళ్లి నెలోర్ జాతి అయ్యాయి, అదీ మన నెల్లూరు పేరే. ఆ జాతి ఆవు వియాటినా-19 ప్రపంచంలోనే ఖరీదైన ఆవుగా గిన్నిస్‌కెక్కింది, విలువ 30 కోట్లు పైమాటే. వాళ్లు తరతరాలుగా లెక్కలు రాసుకుని ఏరుకుంటూ పోయారు, మనం సంతలో అమ్ముకున్నాం. కడుపు రగిలిపోతుంది నాకు.

పెయ్యని అడిగా, ఇవ్వనన్నాడు. కోడె కావాలంటే తోలుకుపొమ్మన్నాడు, అంత డబ్బు నా దగ్గర లేదు. చివరికి ఆ దూడ తండ్రి ఆబోతు నంబరు కాగితం మీద రాసిచ్చాడు, ఆ స్ట్రాలు మనకి దొరుకుతాయేమో కనుక్కోమని తిరుగు బస్సులోంచే ఊళ్లో పశువులకి చూలు సూదులేసే మా గోపాలమిత్రకి ఫోన్ కొట్టా.