దొడ్డి గదికి గాజు తీగ: అప్‌లింక్ కార్డుతో ఎనిమిది వారాలు

మే నెలాఖరులో ఒక సాయంత్రం వెనక వీధి కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వు మాడింది. దాంతోపాటు మా వీధి గదిలో నెట్‌వర్క్ స్విచ్, దొడ్డి గదిలో రూటర్‌కున్న నెట్‌వర్క్ పోర్టు కూడా మాడిపోయాయి. రెండింటికీ మధ్య ఆరుబయట వేసిన 55 మీటర్ల రాగి కేబులే దానికి దారి చూపించింది.

మా ఇల్లు విజయనగరంలో మూడు లాంతర్లకి దగ్గర. పాతకాలం ఇల్లు, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ఇంటర్నెట్ వీధి గదిలోకి వస్తుంది. పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి రూటర్‌గా వాడుతున్నాను. వీధి గదిలో పెడితే దాని ఫ్యాన్ల రొదకి అమ్మ ఊరుకోదు కాబట్టి దాన్ని దొడ్డి గదిలో పెట్టాను. నెట్ ఒక వీల్యాన్‌లో (ఒకే తీగ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) వెనక్కి వెళ్ళి, రూటర్ దాటి, ఇంకో వీల్యాన్‌లో అదే తీగ మీద ముందుకు తిరిగొస్తుంది. ఆ ఒక్క తీగ తెగితే ఇల్లంతా తెగినట్టే.

అందుకే ఈసారి ఫైబర్ అనుకున్నాను. గాజులో కరెంటు పారదు. కానీ ఒక మెలిక ఉంది. మన ఊళ్ళో స్తంభాల మీద కనిపించే నల్లటి డ్రాప్ కేబుల్‌కి, బిగించి కట్టడానికి పక్కనే ఒక ఇనుప తీగ అంటుకుని ఉంటుంది. దాన్ని అలాగే గదిలోకి తెస్తే పిడుగుకి మళ్ళీ తలుపు తీసినట్టే. ఇనుప తీగని గోడ బయటి కొక్కెం దగ్గరే చీల్చి కత్తిరించి, గాజు ఉన్న సన్నటి భాగాన్ని మాత్రమే లోపలికి తీసుకెళ్ళాలి. లోపలి బలం తీగలు కూడా ఇనుపవి కాకుండా ఎఫ్‌ఆర్‌పీవి (పీచు కలిపిన ప్లాస్టిక్‌వి) ఉన్న కేబుల్ అడిగి తీసుకున్నాం.

కేబుల్ లాగి రెండు కొసలకీ కనెక్టర్లు వేసింది మా బావ. నెల్లిమర్లలో కేబుల్ పని చేస్తాడు. మిగతా పని నాది. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర. ఆ రోజు మా మేడ మీద నలభై మంది చుట్టాలు, నలభై ఫోన్లు. ఆలోపు లింకు నిలబడాలి.

ఆగస్టు, రెండో ఆదివారం

రూటర్‌లో గుచ్చే నెట్‌వర్క్ కార్డు ఇంటెల్ ఎక్స్520, రెండు ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులు (ఫైబర్ మాడ్యూల్ గుచ్చే సాకెట్లు), సెకండ్ హ్యాండ్, 3,000 రూపాయలు. మా ఇంటి నెట్ 200 ఎంబీపీఎస్ అయితే 10 గిగాబిట్ దేనికి అని అడగొచ్చు. అవసరం లేదు, సరదా అంతే.

కార్డుతో పొట్టి బ్రాకెట్ వచ్చింది, నా క్యాబినెట్‌కి పొడుగుది కావాలి. బ్రాకెట్ తీసేసి కార్డుని కేబుల్ టైతో కట్టి నిలబెట్టాను. సిగ్గుపడాల్సిన పనే, కానీ కదల్లేదు. స్లాట్ గురించి ఒక మాట. నా బోర్డులో రెండు పొడుగు స్లాట్లు ఉన్నాయి, రెండోది చూడ్డానికి పదహారు లేన్లదే (లేను అంటే డేటా పారే దారి) కానీ లోపల తీగలు నాలుగు లేన్లకే ఉన్నాయి. ఈ కార్డు ఎనిమిది లేన్లది, పీసీఐఈ రెండో తరం. ఆ తరంలో లేనుకి 4 గిగాబిట్లు పారుతాయి, నాలుగు లేన్లకి 16. ఒక పోర్టు వాడేవాడికి అదే ఎక్కువ.

మెషీన్ ఆన్ చేశాను. ఇంట్లో నెట్ పోయింది. కొత్త కార్డులో ఇంకా ఏమీ గుచ్చనే లేదు, నెట్ అప్పటికి తాత్కాలికంగా వేసిన రాగి మీదే నడుస్తోంది. అమ్మ సీరియల్ మధ్యలో ఆగింది. అరగంట వెతికాక తెలిసింది: కార్డు దిగగానే పీసీఐ బస్ నంబర్లు ఒకటి జరిగాయి, దాంతో పాత పోర్టు పేరు మారిపోయింది. నిన్నటిదాకా ఈఎన్‌పీ2ఎస్0, ఇవాళ ఈఎన్‌పీ3ఎస్0. నా సెట్టింగులన్నీ పాత పేరు మీద ఉన్నాయి. పోర్టు పేరుని దాని మ్యాక్ అడ్రస్‌కి (పోర్టుకి పుట్టుకతో వచ్చే నంబరు) కట్టేసి గొడవ వదిలించుకున్నాను. కార్డు గుచ్చే ముందే ఈ పని చేసుకోండి, మెషీన్‌కి మానిటర్ లేనివాళ్ళు మరీను.

ఆగస్టు, మూడో వారం

మా కేబుల్‌లో ఒక్కటే పోగు. అందుకని బైడై మాడ్యూళ్ళు కావాలి. మాడ్యూల్ అంటే పోర్టులో గుచ్చే, సంకేతాన్ని కాంతిగా, కాంతిని సంకేతంగా మార్చే చిన్న ముక్క. ఒకే గాజు పోగులో పోవడానికి ఒక రంగు కాంతి, రావడానికి ఇంకో రంగు. ఒక కొసన 1270 నానోమీటర్లలో పంపి 1330లో వినేది, రెండో కొసన 1330లో పంపి 1270లో వినేది, జతగా పెట్టాలి. అమ్మినతను ఒకే రకం రెండు పంపాడు. ఇద్దరూ 1270లో మాట్లాడి, ఇద్దరూ 1330లో చెవి పెట్టుకు కూర్చుంటే లింకు ఎలా వస్తుంది? లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, నేనూ చదవలేదు. మార్చి పంపడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఈ మధ్యలో ఫోన్ కెమెరాతో మాడ్యూల్ వెలుగుతోందో లేదో చూద్దామనుకున్నాను. టీవీ రిమోట్ కొన కెమెరాలో మెరుస్తుంది కదా, అలా. పని చెయ్యదు. కెమెరాలో సిలికాన్ సెన్సర్ 1100 నానోమీటర్లు దాటిన కాంతిని చూడలేదు. కంటికి సరేసరి, అసలే కనపడదు. కనపడదు కదా అని కొనలోకి తొంగి చూడకండి.

సెప్టెంబరు, మొదటి వారం

సరైన జత వచ్చింది. రూటర్‌లో మాడ్యూల్ గుచ్చి బూట్ చేస్తే పోర్టే మాయం. కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌లో కార్డు కనిపిస్తోంది, నెట్ పోర్టులు చూపే ఐపీ లింక్‌లో ఇంటర్‌ఫేస్ లేదు. కార్డు చచ్చిందనుకుని ఆ రాత్రే ఇంకోటి ఆర్డర్ పెట్టేశాను. ఇంకో 3,000.

పొద్దున్నే తీరిగ్గా డీమెసెజ్ (లైనక్స్ రాసే సందేశాల చిట్టా) చదివితే సంగతి అందులోనే ఉంది: గుర్తించని రకం మాడ్యూల్ దొరికింది, డ్రైవర్ ఎక్కలేదు అని. ఈ కార్డుని నడిపే ఐఎక్స్‌జీబీఈ డ్రైవర్ తనకి తెలియని మాడ్యూల్ కనిపిస్తే పోర్టునే వదిలేస్తుంది. మాడ్యూల్ తీసి బూట్ చేస్తే పోర్టు చక్కగా కనిపిస్తుంది. కార్డు బతికే ఉందా అని తేల్చుకోవడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. డ్రైవర్‌కి 'అలౌ అన్‌సపోర్టెడ్ ఎస్‌ఎఫ్‌పీ' అనే ఆప్షన్ ఉంది (మాటల మధ్య అండర్‌స్కోర్లు), దానికి 1 ఇస్తే ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. లింకు దీపం వెలిగింది.

రెండు రోజుల తర్వాత రాత్రి కరెంటు పోయి వచ్చింది, పోర్టు మళ్ళీ మాయం. ఆప్షన్ని ఫైల్లో రాశాను గానీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని (బూట్ మొదట్లో ఎక్కే ఫైళ్ళ మూట) మళ్ళీ కట్టలేదు. డ్రైవర్ అక్కడి నుంచే ముందుగా ఎక్కేస్తుంది, నా ఫైల్ దాని కంట పడదు. ఒక్క కమాండ్‌తో పోయింది.

సెప్టెంబరు, మూడో వారం

లింకు వస్తోంది, పోతోంది. గంటలో పది పన్నెండు సార్లు. కొత్త కార్డు వచ్చింది కదా అని మార్చాను. అదే తంతు. పోర్టు మార్చాను, స్లాట్ మార్చాను. లైనక్స్ కెర్నెల్ కూడా మార్చాను, ఎందుకో నాకే తెలీదు.

నాలుగో రోజుకి గానీ పోర్టు సంగతులు చెప్పే ఎథ్‌టూల్ కమాండ్‌లో 'ఎం' ఆప్షన్ కొట్టి చూడాలని తోచలేదు. మాడ్యూల్ తనకి అందుతున్న కాంతి ఎంతో తనే చెబుతుంది. వీధి గది స్విచ్ పంపుతున్నది మైనస్ 2.3 డీబీఎం (కాంతి బలానికి కొలత). నాకు అందుతున్నది మైనస్ 14.4. ఈ రకం మాడ్యూల్ వినగలిగే హద్దు కూడా దాదాపు అక్కడే. 3 డెసిబెల్‌లు తగ్గితే కాంతి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు. 55 మీటర్ల గాజులో పోయేది డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు, నాకేమో 12 పోతున్నాయి! ఈ అంకెలు అటూ ఇటూ 3 డెసిబెల్‌ల దాకా తప్పు చూపించొచ్చు, కాబట్టి అసలు అంకెని నమ్మక్కర్లేదు. ఒక మార్పు చేశాక ఎంత కదిలిందో చూడాలి.

మొదట కొనలు తుడిచాను, పెన్నులా ఉండే క్లీనర్‌తో. మైనస్ 13.0కి వచ్చింది. చొక్కా అంచుతో తుడిచేవాళ్ళని చూశాను, అది దుమ్ముని రుద్ది గీతలు పెట్టడమే.

ఆదివారం బావ తన కాంతి మూలం, పవర్ మీటరు పట్టుకొచ్చాడు. కాంతి కారే చోటు కనిపిస్తుందని నేను ఎర్ర లైటు వేసి చూద్దామన్నాను. నల్ల తొడుగులోంచి ఎర్ర లైటు ఎక్కడ కనిపిస్తుంది బావా అని నవ్వాడు. తన తీగలతో కేబుల్ ఒక్కదాన్నే కొలిచాడు. 1310 నానోమీటర్ల దగ్గర 3.2 డెసిబెల్‌ల నష్టం, 1550 దగ్గర 8 దాటింది. "ఎక్కడో నొక్కీసింది" అన్నాడు వెంటనే. కనెక్టర్ చెడితే రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా పోతుంది. వంపు దగ్గర మాత్రం పొడుగు తరంగం ఎక్కువ కారిపోతుంది. కేబుల్ వెంబడి నడిస్తే దొడ్డి కిటికీ దగ్గర దొరికింది. వాన జల్లు పడుతోందని అమ్మ ఆ కిటికీ రెక్క బలంగా మూసి గడియ వేసింది, కేబుల్ రెక్కకీ చట్రానికీ మధ్య నలిగింది. పక్కన రంధ్రం తొలిచి అందులోంచి తెచ్చాం. 1310లో నష్టం 0.6కి దిగింది. నా తీగలు మళ్ళీ తగిలిస్తే రూటర్‌లో మైనస్ 10.4.

ఇంకా 8 డెసిబెల్‌లు ఎక్కడికి పోతున్నాయి? బావ నా ప్యాచ్ కార్డు (కేబుల్‌కీ మాడ్యూల్‌కీ మధ్య తగిలించే పొట్టి ఫైబర్ తీగ) చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"ఏటి బావా ఇది? పచ్చదానికి నీలందాన్నిచ్చి మనువు చేసీసావా?"

బావ వేసినవి ఆకుపచ్చ కనెక్టర్లు. ఇళ్ళకి నెట్టూ టీవీ ఇచ్చే లైన్లలో అవే వాడతారు. ఆ కొన 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, వెనక్కి కొట్టే కాంతి పక్కకి పోవడానికి. నేను కొన్న ప్యాచ్ కార్డులకి రెండు వైపులా నీలం, అంటే వాలు లేని కొన. రెండూ ఒకే అడాప్టర్‌లో చక్కగా దిగుతాయి, టిక్కుమంటాయి కూడా. కానీ వాలు కొన తిన్నని కొనకి మధ్యలో ఆనదు, సన్నటి గాలి సందు మిగులుతుంది. నాకు రెండు చివర్లా ఇదే కథ. బావ తన సంచీలోంచి ఒక వైపు పచ్చ, ఒక వైపు నీలం ఉన్నవి రెండు తీశాడు. కొనలు తుడిచి తగిలించాడు.

మైనస్ 3.6.

దసరా వారం

చిన్న చిల్లర పని ఒకటి మిగిలింది, వేడి. ఈ కార్డుకి సొంత ఫ్యాన్ లేదు, సర్వర్ గాలి మీద బతకడానికి చేసింది. డెస్క్‌టాప్‌లో మాడ్యూల్ 61 డిగ్రీలు చూపించింది, హద్దు 70. పాత ఫ్యాన్ ఒకటి కార్డుకి ఎదురుగా టై కట్టాను. 47కి దిగింది.

రెండు కార్డుల్లో ఒకటి పెట్టెలో ఉంది. ఎవరైనా అడిగితే 'స్పేర్' అంటున్నాను.

తొలేళ్ళ (సిరిమాను ముందు రోజు) నాటి రాత్రికి చుట్టాలంతా దిగారు. పడుకునే ముందు లెక్క చూశాను. లింకు ఎనిమిది రోజులుగా పడలేదు, సీఆర్‌సీ తప్పులు (దారిలో చెడిన డేటా లెక్క) సున్నా, అందుతున్న కాంతి మైనస్ 3.7. దొడ్డి గదిలో పక్కలు వేసిన చిన్నత్త మాత్రం ఆ పెట్టె రొదకి నిద్ర పట్టడం లేదు, ఆపెయ్యమంది.