స్టౌట్‌ను మరీ చల్లగా తాగకండి

స్టౌట్ అనే నల్లటి బీరును ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే తాగితే చేదు తప్ప ఇంకేమీ తెలియదు. చలికి నాలుక మొద్దుబారుతుంది, వాసనలు పైకి లేవవు. 4.2 శాతం ఆల్కహాల్ ఉండే, తీపి లేని డ్రై స్టౌట్ 6, 7 డిగ్రీల దగ్గర బాగుంటుంది. 8 శాతం దాటిన ఇంపీరియల్ స్టౌట్‌కి 12 నుంచి 14 డిగ్రీలు కావాలి. గది వేడిని బట్టి సీసాను 20 నిమిషాలో, అరగంటో బయట పెడితే సరిపోతుంది.

గ్లాసును దీపానికి అడ్డంగా పట్టి చూడండి. నల్లటి బీరు అంచుల్లో కెంపు రంగులో మెరుస్తుంది. ఆ రంగు బాగా మాడ్చిన బార్లీది. మొలకెత్తించని గింజలను 200 డిగ్రీలు దాటేదాకా వేయిస్తారు. కాఫీ గింజలను వేయించినట్టే కాబట్టి వాసనా అలాగే ఉంటుంది. చాలా స్టౌట్లలో కాఫీ చుక్క కూడా ఉండదు.

ఇక నురగ. నైట్రో స్టౌట్‌లో గ్యాస్ సుమారు 75 శాతం నైట్రోజన్, మిగతాది కార్బన్ డయాక్సైడ్. నైట్రోజన్ బీరులో కరిగేది చాలా తక్కువ, అందుకే బుడగలు సన్నగా వస్తాయి, నురగ మీగడలా కడుతుంది. నాలుక మీద సోడా చురుకు ఉండదు. కుళాయి నుంచైతే గ్లాసును 45 డిగ్రీలు వంచి ముప్పావు వంతు నింపి, దాదాపు 2 నిమిషాలు ఆగి, నిటారుగా పెట్టి మిగతాది నింపాలి. ఆ 2 నిమిషాలూ చూడాల్సిందే! గోడల వెంట బుడగలు కిందికి జారుతుంటాయి. గ్లాసు మధ్యలో పైకి లేచే బుడగలు బీరును తోసుకుపోతాయి, ఆ బీరు అంచుల వెంట దిగుతూ చిన్న బుడగలను లాక్కొస్తుంది. లోపల గ్యాస్ వదిలే చిన్న బంతి ఉన్న నైట్రో డబ్బాను మాత్రం బాగా చల్లబరిచి, తెరిచిన వెంటనే ఒకే ధారగా పోయాలి. వెచ్చగా ఉంటే పొంగిపోతుంది. తాగేముందు బీరును గ్లాసులోనే కాసేపు ఉండనివ్వండి.

నురగ వెంటనే చచ్చిపోయిందంటే గ్లాసుకు జిడ్డు ఉన్నట్టే. మామూలు బీరైతే గోడకు బుడగలు అంటుకుని కనిపిస్తాయి. సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరుకు గాలి తగిలి పాడైందని అర్థం, దాన్ని పారబోయడమే.

నురగను పక్కకు తోయకండి, దాని కిందనుంచి తాగండి. గుక్కను నోట్లో ఓ క్షణం ఆపి, మింగాక ముక్కుతో గాలి వదిలితే అసలు వేపుడు వాసన అప్పుడు తెలుస్తుంది. మిల్క్ స్టౌట్‌లో ఈస్ట్ తినలేని లాక్టోజ్ (పాల చక్కెర) తీపిగా మిగులుతుంది, ఓట్‌మీల్ స్టౌట్ పట్టులా జారుతుంది. ఇంపీరియల్ అయితే తొందరపడకండి. గ్లాసు అడుగుకు వచ్చేసరికి వేడెక్కి, మొదటి గుక్కలో లేని ఎండు ద్రాక్ష, బెల్లప్పాకం వాసనలు బయటపడతాయి.