రోహిణి కార్తెలో చార్జర్ ఎర్ర లైటు

ఎండలు ముదిరితే ఒంగోలు, కావలి వైపు ఎలక్ట్రిక్ కార్లున్న ఇళ్లలో ఇదే గోల: ప్లగ్ పెట్టగానే చార్జర్ మీద ఎర్ర లైటు. బండిని సర్వీసుకు తోలేముందు ఎర్తింగ్ చూపించండి. ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెడితే 16 ఆంప్స్ సాకెట్‌లో ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 వోల్టుల దరిదాపు, ఫేజ్-ఎర్త్ మధ్యా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులైతే ఫర్వాలేదు. ఇరవై, ముప్పై చూపిస్తే ఎర్త్ గుంత ఎండిపోయుండాలి, లేదా ఎర్త్ వైరు ఎక్కడో ఊడుండాలి. గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలవండి. తగ్గిందంటే బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించే టైమొచ్చినట్టు.

కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేసి "అయిపోయింది సార్" అంటారు. లైటు పచ్చగానే వెలుగుతుంది. ఆ న్యూట్రల్ ఊడిన రోజు కారు బాడీకే కరెంటు! ఒప్పుకోవద్దు.

చార్జింగ్ అరగంటకే ఆగిపోతుంటే స్విచ్ ఆపి ప్లగ్ వేడెక్కిందేమో తాకి చూడండి. ఇంటి చార్జర్ 3.3 కిలోవాట్లంటే గంటల తరబడి 14 ఆంప్స్ పైనే. స్క్రూ వదులైనా, సముద్రపు గాలికి పిన్నులు చిలుం పట్టినా కాలిపోతుంది. మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించుకోండి.

హైవే ఫాస్ట్ చార్జర్ 80 శాతం దాటాక నెమ్మదిస్తే మాత్రం అది రోగం కాదు.