గుట్టకు ఇవతలా, అవతలా

2020 ఆగస్టులో వాన లేకుండా ఉత్త పిడుగులు పడి కాలిఫోర్నియాలో మా శాన్ హోసే తూర్పు కొండలు అంటుకున్నాయి. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు, అమ్మ బీపీ మాత్రలు ఒక సంచిలో వేసి గుమ్మం పక్కన పెట్టి, ఫోన్‌లో మంటల మ్యాప్ చూస్తూ కూర్చున్నాం. మా వెనక గుట్ట మీద ఒక ఎర్ర గడి. జూమ్ చేసినకొద్దీ గడి పెద్దదవుతోంది తప్ప, మంట గుట్టకు ఇవతల ఉందో అవతల ఉందో అర్థం కాదు. బయట కారు అద్దం మీద పిండి జల్లినట్టు బూడిద.

అవతలే ఉందని మర్నాడు తెలిసింది. ఆ గడి శాటిలైట్ పంపినదట. ఒక్కో గడి 375 మీటర్లు, అందులో మంట ఏ మూలనైనా ఉండొచ్చు, ఆ శాటిలైట్ మళ్లీ మన నెత్తిమీదికి రావడానికి గంటలు పడుతుంది. అందుకే ఇక్కడ అమెరికా అటవీ శాఖ రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలున్న విమానాలు తిప్పుతుంది. రాత్రి నేల చల్లబడుతుంది కాబట్టి వేడి ఉన్న చోటు పొగలోంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది, నిపుణులు మంట అంచు గీసి తెల్లారేసరికి సిబ్బందికి ఇస్తారు. చాలా గొప్ప పని. కానీ మధ్యాహ్నం గాలి తిరిగిందంటే పొద్దుటి గీత పాతబడినట్టే.

మంట మీద నుంచి కదలకుండా చూసే కన్ను కావాలి, నా బాధంతా అదే. అది సాధ్యమేనని ఎప్పుడో తేలింది. 2007లో నాసా వాళ్ల ఇఖానా అనే పైలట్ లేని విమానం దక్షిణ కాలిఫోర్నియా మంటల మీద తిరిగి నిమిషాల్లో చిత్రాలు కిందికి పంపింది. 2013లో యోసెమిటీ నేషనల్ పార్కు దగ్గర రిమ్ ఫైర్ అనే పెద్ద కార్చిచ్చు అప్పుడు నేషనల్ గార్డ్ (రిజర్వు సైన్యం) వాళ్ల ప్రిడేటర్ అనే పైలట్ లేని విమానం గంటల తరబడి పైనే ఉండి, కొత్తగా రాజుకున్న మంటను ముందే పట్టుకుంది.

మరి ఇన్నేళ్లలో ప్రతి మంట మీదా ఒకటి ఎందుకు లేదంటే, ఖర్చు ఒకటి, ఆకాశంలో ఇరుకు ఒకటి. నీళ్లు పోసే విమానాలు, హెలికాప్టర్లు చెట్ల మీదుగానే తిరుగుతుంటాయి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్ మంటలప్పుడు ఎవరో సరదాకి ఎగరేసిన చిన్న డ్రోన్ తగిలి కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చిన సూపర్ స్కూపర్ అనే నీళ్లు పోసే విమానం రెక్కకు చిల్లు పడింది, ఊళ్లు తగలబడుతుంటే అది కొన్ని రోజులు నేలమీదే ఉండిపోయింది. ఆ వార్త చదివి నాకు కడుపు మండిపోయింది.

అందుకే నా ఆశ బెలూన్ల మీద. 2024లో నాసా, అటవీ శాఖ కలిసి ఐడహో రాష్ట్రంలో ఒకటి ఎగరేశాయి. 50 వేల అడుగులకు పైన, అంటే ఈ విమానాలన్నిటికన్నా చాలా ఎత్తున ఉంటుంది. పైకీ కిందికీ జరుగుతూ తనకు కావలసిన గాలిని పట్టుకుని ఒకే చోట మసలుతుంది. సిగ్నల్ లేని లోయల్లో ఉన్న సిబ్బందికి ఫోన్లు పనిచేసేలా చేయడం దాని మొదటి పని. అలాంటి బెలూన్‌ను కెమెరాలతో సహా రోజుల తరబడి మంట మీదే నిలిపితే, సంచి సర్దుకుని కూర్చున్న ఇంటికి గడి బదులు గీత కనిపిస్తుంది.