బుడగలకు క్యాన్ నీళ్లే కావాలి

ఆదివారం, ఒంగోలు.

తమ్ముడి పిల్లలు సెలవులకు వచ్చి నాలుగు రోజులైంది. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఐదు. మొన్న బజార్లో కొనిచ్చిన బుడగల సీసా ఇంటికొచ్చేలోపే ఆటోలో ఒలికిపోయింది. వాడి ఏడుపు చూడలేక "ఊరుకో అబ్బయ్యా, మనమే చేసుకుందాం" అని మాటిచ్చాను.

నిన్న రాత్రే కలిపి పెట్టా. ఆరు గ్లాసుల నీళ్లకు ఒక గ్లాసు గిన్నెలు తోమే లిక్విడ్, మందుల షాపులో తెచ్చిన గ్లిజరిన్ రెండు చెంచాలు. తెల్లారి పెరట్లో ఊదితే గోలీకాయంత బుడగ కూడా నిలవలేదు. ఇద్దరూ నా మొహం వంక చూస్తున్నారు. వంటింట్లోంచి అమ్మ, "ఏ నీళ్లు పోశావే?" అంది.

బోరు నీళ్లు పోశాను. ఆ నీళ్లతో తల రుద్దుకుంటే నురగ రాదు, పప్పు వేస్తే ఉడకదు, బకెట్ అంచున తెల్లగా పొర కడుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పని చెయ్యనివ్వవు. రోజూ చూసే సంగతే, బుడగల దగ్గరికొచ్చేసరికి తట్టలేదు. అంతా పారబోసి, తాగే క్యాన్ నీళ్లతో మళ్లీ కలిపాం. పెద్దదాని చేతికి గరిటె ఇచ్చి, నురగ లేవకుండా మెల్లగా తిప్పమన్నాను. నురగ తేలితే పొర సరిగా సాగదు. మూత పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోవద్దన్నా. చిన్నోడు గంటకోసారి వచ్చి "అయిందా అత్తా?"

పడమటి గాలికి బయట కాలు పెట్టేటట్టు లేదు. తలుపులు మూసుకుని తీగలు వంచుతూ కూర్చున్నాం. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బైండింగ్ వైరు ఉంటే తలా ముక్క తీసుకున్నాం. కొసలు గుచ్చుకోకుండా లోపలికి మడిచి, చుట్టూ పూలు కట్టే దారం చుట్టాం. ఉత్త తీగ మీద నీళ్లు జారిపోతాయి, నూలు దారమైతే పీల్చి పట్టుకుంటుంది. పెద్దది నక్షత్రం వంచింది. వాడు పలక అన్నాడు, నాలుగు మూలలూ వచ్చేదాకా వదల్లేదు. అమ్మ మాత్రం బొప్పాయి ఆకు కాడ కోయించుకుంది. రెండు కొసలూ తెగ్గోసి, పాలు పోయేలా కడిగి పక్కన పెట్టుకుంది. వాళ్ల చిన్నప్పుడు కుంకుడు రసంలో ఆ కాడే ముంచి ఊదేవాళ్లట.

ఐదున్నరకి గాలి తిరిగింది. కొత్తపట్నం సముద్రం వైపు నుంచి తేమ గాలి వస్తోంది. మధ్యాహ్నం ఊది ఉంటే ఆ ఎండుగాలికి పొర ఇట్టే ఆరిపోయేది. ఇప్పుడు బుడగలు గోడ దాటి పక్కింటి వేపచెట్టు దాకా పోయాయి. నక్షత్రంలోంచీ గుండ్రటి బుడగే, పలకలోంచీ గుండ్రటి బుడగే. "ఇదేంది, మూలలు ఎటు పోయినయ్?" అని వాడు పలక తీగను తిరగేసి మరీ చూసుకున్నాడు. పొర ఎప్పుడూ తక్కువ జాగాలో ముడుచుకోవాలని చూస్తుంది, గుండ్రమైతేనే అది కుదురుతుంది అని వాడికి అర్థమయ్యేట్టు చెప్పడానికి కాస్త తిప్పలు పడ్డాను.

అరచేతిని ఆ నీళ్లలో ముంచి పట్టుకోమన్నాను. పొడి చెయ్యి తగిలితే బుడగ పగులుతుంది, తడి చేతి మీదైతే కూర్చుంటుంది. ఒకటి దిగింది, చిన్న నిమ్మకాయంత. వాడు ఊపిరి బిగబట్టాడు. గులాబీ, పచ్చ చారలు దాని మీద మెల్లగా తిరుగుతున్నాయి. నీరంతా కిందికి దిగేకొద్దీ పైభాగం పలచబడింది, రంగులు చెదిరిపోయి నెత్తిన నల్లటి మచ్చ ఒకటి కనిపించింది. ఆ మరుక్షణం చేతిలో తడి తప్ప ఏమీ లేదు. నేనూ అంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

అమ్మ బొప్పాయి కాడతో ఊదిన బుడగలే అన్నిటికంటే పెద్దవి. పెద్దది అమ్మ పక్కన చేరి, "నాయనమ్మా, రేపు నాకూ ఒక కాడ కోసియ్యి" అంది.

మిగిలిన నీళ్లు సీసాలో పోశాం. దాని మీద పెద్దది కాగితం అంటించి, తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాసింది: "బుడగల నీళ్లు. తాగొద్దు." చిన్నోడికి ఇంకా చదవడం రాదని, కింద ఏడుస్తున్న మొహం బొమ్మ కూడా వేసింది.