ఒంటరిగా నైట్ డ్యూటీ వేస్తే నేనేం చేశానంటే

హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ల్యాబ్ బేస్‌మెంట్‌లో, పార్కింగ్ పక్కనే. రాత్రిళ్లు ఇద్దరుండే చోట ఒక్కరినే వేయడం మొదలుపెట్టారు. ఒక రాత్రి పేషెంట్ తాలూకు మనిషి బాగా తాగి వచ్చి, రిపోర్ట్ ఆలస్యమైందని తలుపుకి అడ్డంగా నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. నాకు బయటికెళ్లే దారి లేదు, సెక్యూరిటీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పొద్దున ఇన్‌ఛార్జి సార్‌కి చెబితే "అందరూ చేస్తున్నారు కదమ్మా, నీకొక్కదానికేనా భయం?" అన్నారు. అందరికీ భయమే, ఉద్యోగం పోతుందని ఎవరూ నోరు విప్పట్లేదు, అంతే.

మా పెదనాన్న చాలా ఏళ్లు యూనియన్‌లో పనిచేశారు. ఆయన ఒకటే చెప్పారు: "డ్యూటీ చేయనని మాత్రం రాయకమ్మా, అదే పట్టుకుని నీ మీదకి తిప్పుతారు. ఏం జరిగిందో, ఏం కావాలో రాయి." అలాగే తేదీ, టైమ్, సెక్యూరిటీకి చేసిన కాల్ స్క్రీన్‌షాట్ పెట్టి ఇన్‌ఛార్జికీ హెచ్‌ఆర్‌కీ కలిపి మెయిల్ చేశాను, నా సొంత మెయిల్‌కి కూడా ఒక కాపీ.

చట్టం గురించి కూడా రాశాను. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్ (కేంద్ర కార్మిక చట్టం) సెక్షన్ 43 ప్రకారం రాత్రి 7 దాటాక, ఉదయం 6 లోపు ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి కావాలి, భద్రత షరతులు పాటించాలి. సెక్షన్ 14 అయితే మగవాళ్లకీ వర్తిస్తుంది: తీవ్రంగా గాయపడే ప్రమాదం ముంచుకొస్తోందని అనుకోవడానికి తగిన కారణం ఉంటే యాజమాన్యానికీ, అదే సమయంలో కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు ఉద్యోగికి ఉంది. హాస్పిటల్ సిబ్బంది మీద దాడికి మూడేళ్ల దాకా జైలు వేసే 2008 నాటి రాష్ట్ర చట్టాన్నీ గుర్తుచేశాను. (ఆ వచ్చినవాడు లైంగికంగా వేధించి ఉంటే దారి వేరు, అలాంటి ఫిర్యాదులు చూసే హాస్పిటల్ ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల్లోపు రాసివ్వాలి.)

హెచ్‌ఆర్ మేడమ్ పిలిచి మెల్లగా నచ్చజెప్పబోయారు. "మీరు చెప్పేదే మెయిల్‌లో పెట్టండి మేడమ్" అన్నాను. చాలా టెన్షన్ పడ్డాను కానీ ఆ మాట మీదే ఉన్నాను. సమాధానం రాకపోయేసరికి, లేబర్ ఆఫీసుకి ఇవ్వబోయే అర్జీ కాపీని వాళ్లకే ముందు పంపాను. అప్పుడు కదిలారు. రాత్రి శాంపిల్ కౌంటర్‌ని పైకి, క్యాజువాలిటీ పక్కకి మార్చారు, రోస్టర్‌లో రెండో మనిషి పేరు వచ్చింది.

రాత్రి 10కి షిఫ్ట్ దిగేవాళ్లకి క్యాబ్ మాత్రం ఇంకా ఇవ్వలేదు. దానికి మళ్లీ రాశాం. ఈసారి నర్సులు, ఫార్మసీ అబ్బాయిలు కూడా సంతకం పెట్టారు.